మూడు కండ్ల ఫియట్, దాని డూపు

ఈ ముచ్చట నాకు మొదట చెప్పింది మా గల్లీ మూలమీద ఇస్త్రీ బండి పెట్టుకున్న నర్సింగ్. నిన్న పొద్దున ధోతి ఇస్త్రీకి ఇద్దామని పోతే, బొగ్గులు ఊదుకుంట అన్నడు:

"మల్లేశం మామా, ఇన్నవా? ఎవరో ముసలాయనట! పంజాగుట్టల సినిమావాళ్ళ కారు ఎత్తుకొని, ఎనుక నుంచి పొగ ఇడుసుకుంట ఉరికిండట. పోలీసోళ్ళు అమీర్‌పేట దాకా తరిమి పట్టుకున్నరట. మస్తు నవ్వినం మామా, కడుపు నొచ్చింది!"

నేను ధోతి వాపస్ తీసుకున్న. ఇగ నర్సింగ్‌కు నా బట్టలు పడవు.

ఎందుకంటే ఆ ముసలాయన నేనే. కని నేను ఎత్తుకపోలే. ఉరకలే. పోలీసోళ్ళు తరమలే, వచ్చింది ఒక్క కానిస్టేబులు, ఆయన సుత నడుచుకుంటనే వచ్చిండు. పొగ ఒక్కటే నిజం. నేను పెద్దగ చదువుకున్నోణ్ణి కాదు, టేపు మీది అంకెలు, గిరాకీల పేర్లు, గంతవరకే నా చదువు. అయినా సరే, నిదానంగ కూర్చొని, కుట్టు తప్పకుండ జరిగింది రాస్తున్న. చదివినోళ్ళు ఇంకొకలకు చెప్పేటప్పుడు ఇట్లనే చెప్పాలె.

ముందుగాల బండి సంగతి. అమీర్‌పేటల మా టైలరు దుకాణం ముందట ఒక గుండ్రటి పాత ఫియట్ ఉంటది. చూసినోళ్ళందరు "అబ్బ, పాత ఫియట్" అంటరు. కాదు. ఇటలీవాళ్ళు ఆలుబిడ్డలతోని పద్ధతిగ కూర్చొని పోయేటందుకు ఒక కారు చేసిండ్రు, అది మామూలు ఫియట్. తర్వాత వాళ్ళకే మనసు ఆగలేదు. అదే కారుకు బలమైన ఇంజను, పెద్ద కార్బురేటరు పెట్టి, మీద ఒక రంగు కింద ఒక రంగు వేసి, ముందటి జాలి నడుమ మూడో లైటు బిగించి, పందెం బండి లెక్క కొన్ని చేసిండ్రు. నాది ఆ రకం. కింద మెరూన్, మీద క్రీము. ముక్కు మీద మూడో కన్ను. పంజాగుట్ట వకీలు సాబుది ఒకప్పుడు. ఆయనకు నల్లకోట్లు కుట్టింది నేనే. కండ్లు మసకైనంక నన్ను పిలిచి, తాళంచెవి చేతిల పెట్టి, "మల్లేశం, దీన్ని ఎవడన్న మామూలు ఫియట్ అంటే ఒప్పుకోకు" అన్నడు. ఇప్పటిదాక ఒప్పుకోలే.

ఇగ సుబ్బారావు గారు. గుడివాడ దిక్కు నుంచి వచ్చిండు, మా దుకాణం మీది అంతస్తుల కంప్యూటర్ క్లాసులు నడుపుతడు. పొద్దున ఆరింటి నుంచి బ్యాగులేసుకున్న పిలగాండ్లు మెట్లు ఎక్కుడు దిగుడే. ఆయన మీద నాకు ముందు నుంచే గుర్రు. ఒకసారి ప్యాంటు కుట్టించుకొని నడుము టైటు అన్నడు. టైటు కాదు! కొలత ఇచ్చేటప్పుడు పొట్ట లోపలికి గుంజుకున్నడు. నేను కుట్టింది ఆయన చూపిన పొట్టకు.

మొన్న పొద్దున ఆయన కిందికి దిగి, నా బండి చుట్టు ఒక రౌండు తిరిగి అన్నడు, "మాస్టారూ, ఈ డబ్బాని ఎప్పుడు తీయిస్తారండీ? ఇక్కడ జనరేటర్ పెట్టుకోవాలి. కరెంటు పోతే పైన కంప్యూటర్లన్నీ ఠపీమని ఆగిపోతున్నాయి."

"ఏమన్నరు? డబ్బానా?"

"నడవని కారుని ఇంకేమంటారండీ?"

"నడుస్తది."

"ఏదీ, నేనెప్పుడూ చూళ్ళేదే!"

"మీరు చూసేది కంప్యూటర్. బయట ఏం నడుస్తుందో మీకేం తెలుసు?"

మెట్ల మీద పిలగాండ్లు కిసకిస నవ్విండ్రు. సుబ్బారావు గారికి రోషమొచ్చింది. నాకు ముందే ఉన్నది. అక్కడికక్కడ గల్లీ అంత ఇనంగ పందెం పడ్డది. ఇద్దరం బండిల పంజాగుట్ట పోవాలె, ఛాయ తాగాలె, వాపస్ రావాలె. బండి నడిచేటప్పుడు ఒక్కసారి సుత దానంతట అది ఆగొద్దు, ఎవరూ తోయొద్దు. ఆగిందా, నా బండి ఆ జాగ ఖాళీ చేయాలె. ఖాళీ చేసి ఏడ పెట్టుకుంట? నాకు ఇంకో జాగ లేదు, పాత సామాను దుకాణమే దానికి దిక్కు. ఆగలేదా, జనరేటరు ఆయన మేడమీద పెట్టుకోవాలె, "ఇది స్పోర్ట్స్ బండి" అని గల్లీ నడుమ నిలవడి గట్టిగ చెప్పాలె.

పోయేటప్పుడు బండి ఎట్ల పోయిందనుకున్నరు? పట్టు చీర మీద కత్తెర పోయినట్టు పోయింది. సుబ్బారావు గారు ముందు సీట్ల, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని, ఇంజను ఎప్పుడు దగ్గుతదా అని చెవులు నిక్కించుకొని కూర్చున్నడు. దగ్గలే. పంజాగుట్టల వకీలు సాబు పాత గల్లీలనే, గుల్‌మొహర్ చెట్టు నీడకు బండి పెట్టి, మూలమీది హోటల్‌కు పోయినం. గల్లీ అవుతలి కొసకు ఏదో సినిమా షూటింగు. గొడుగులు, లైట్లు, అరుపులు. మేం పట్టించుకోలే. పంజాగుట్టల షూటింగులు కొత్తనా?

ఇక్కడ ఒక్క మాట చెప్పాలె. అంతకు కొద్ది రోజుల ముందు కృష్ణానగర్ నుంచి బుజ్జి అని ఒక సినిమా మేనేజరు మా దుకాణానికి వచ్చిండు. "తాతగారూ, మా సినిమాలో జమీందారుకి ఇలాంటి బండే కావాలి. రెండ్రోజులు ఇప్పించండి. చివర్లో గోడకి చిన్నగా తగులుద్ది, అంతే" అన్నడు.

"తగులుద్దా? వకీలు సాబు బండి గోడకు తగులుద్దా? బయటికి నడువు!" అన్న. నన్ను తాత అన్నదానికి వేరే కోపం. పోయేటప్పుడు పిలగాడు బండిని లోపల, బయట నాలుగు దిక్కుల ఫోటోలు తీసుకున్నడు. నేను పక్కకు జరిగి మంచిగ తీయనిచ్చిన. ఎందుకని అడగలే. అందమైన దాన్ని ఎవరన్న తీసుకుంటరు కద.

ఛాయ తాగి వచ్చినం. చూస్తే బండి చెట్టు కింద లేదు! ఎదురుంగ అవుతలి పక్కకు ఉన్నది, ఎండల.

"చూసిండ్రా? ఎవడో నా బండిని తోసి వాని స్కూటరు పెట్టుకున్నడు. హ్యాండ్ బ్రేకు ఇడిసి తోస్తరు దొంగనాకొడుకులు!" అని చెట్టు కిందున్న స్కూటరును ఒక తన్ను తన్నిన. పాపం అది ఎవరిదో.

తాళంచెవి పెట్టిన, తలుపు తెరుచుకున్నది. తెరుచుకోక? ఈ పాత ఫియట్ల తాళాలు అరిగి అరిగి ఎట్లయితయంటే, ఒక్క చెవికి పది బండ్లు సలాం కొడ్తయి. అది నాకు ఇప్పుడు యాదికొస్తున్నది, అప్పుడు రాలే. నంబరు ప్లేటు చూడలేదా అని తర్వాత అందరు అడిగిండ్రు. ఇంట్ల మనిషిని రోజూ పేరు అడిగి గుర్తుపడ్తమా?

కూర్చున్న. కొత్త పెయింటు వాసన వచ్చింది. పంజాగుట్టల ఏదో ఒకటి కడ్తనే ఉంటరు, గా వాసనే అనుకున్న. నేనే కుట్టిన మెరూన్ రెక్సిన్ సీటు, అంచు పొంటి తెల్ల పైపింగు. కని పైపింగు ఒకదిక్కు వంకర పోయి కనవడ్డది. సుబ్బారావు గారి దిక్కు చూసిన.

"జర తేలిగ్గ కూర్చోండ్రి సారూ. వచ్చేటప్పుడు మీరు కూర్చున్న బరువుకు నా పైపింగు జరిగింది."

"నేనా? నేను కదల్లేదండీ!"

"కదలకుండనే ఇంత చేసిండ్రు."

స్టార్ట్ చేసిన. ఒక్క దెబ్బకు అందుకున్నది. గేరు వెన్నల దిగినట్టు దిగింది. నాకే ఆశ్చర్యం! మామూలుగ నా బండి రెండో గేరుకు కొంచెం బతిలాడాలె. ఛాయ తాగి నేను తాజా అయిన కద, బండి సుత తాజా అయింది అనుకున్న.

"ఎట్లున్నది పికప్పు?"

సుబ్బారావు గారు మంచోడు, ఉన్నది దాచిపెట్టడు. "నిజం చెప్పొద్దూ మాస్టారూ, ఇందాకటికంటే ఇప్పుడు చాలా స్మూత్‌గా ఉందండి. ఈ బండిలో ఏదో ఉంది."

"ఏదో కాదు. ఇటలీ రక్తం! మామూలు ఫియట్‌కు, దీనికి గదే ఫరక్. కండ్లు మూసుకొని కూర్చున్నా, వెయ్యి ఫియట్లల్ల నా బండి సప్పుడు నేను పట్టుకుంట."

ఈ మాట నేను అన్న. నా నోటితోనే అన్న.

చౌరస్తాల సిగ్నల్ పడ్డది. ముందర బస్సు, ఎనుక బస్సు, నడుమ ఆటోలు. సుబ్బారావు గారు మెత్తబడ్డడు కద, దోస్తు లెక్క అడిగిండు, "ఆ ముందున్న మూడో లైటు వెలుగుతుందాండీ, లేకపోతే షోకేనా?"

షోకా! స్టీరింగు కింద స్విచ్చు ఉంటది. లాగిన.

ముందర లైటు వెలగలే. ఎనుక డిక్కీల "బుస్సు" మన్నది.

అద్దంల చూస్తే ఎనుకటి బస్సు లేదు. బస్సు ఏడికి పోతది? తెల్లటి పొగ! సాంబ్రాణి పొగ అనుకోకుండ్రి, పత్తి మిల్లు కాలినట్టు పొగ. క్షణంల పంజాగుట్ట చౌరస్తా మాయమైంది. బస్సులకెళ్ళి జనం దుంకుతున్నరు. "బాంబ్ బాంబ్" అని ఒకడు, "భాయ్, పానీ లావ్" అని ఇంకొకడు. సిగ్నల్ పచ్చ పడ్డది, ముందరికి దారి ఉన్నది. నేను బండి కదిలించిన.

"మాస్టారూ, ఆపండి! కాలిపోతోంది!"

"ఆపితే మీరు గెలుస్తరు!"

"గెలుపూ వద్దు, జనరేటరూ వద్దు, ముందు ఆపండి మహాప్రభో!"

"గా మాట గల్లీల చెప్పండ్రి. ఇక్కడ చెప్తే సాక్ష్యం ఎవరు?"

కానిస్టేబులు ఈల ఊదుతున్నడు. నేను చెయ్యి బయటికి పెట్టి, అంత బాగనే ఉన్నదని సైగ చేసిన. పొగల ఆయనకు చెయ్యి కనవడ్డదో లేదో. సుబ్బారావు గారు దిగుదామని తలుపు హ్యాండిల్ గుంజిండు. అది ఊడి ఆయన చేతిలకు వచ్చింది. దాని దిక్కు చూస్తడు, నా దిక్కు చూస్తడు.

"ఇది... స్పోర్ట్స్ మోడల్లో ఇలాగే ఉంటుందాండీ?"

తెల్వదని ఎట్లంట? "ఉంటది. బరువు తగ్గించేటందుకు" అన్న.

ఎనుక నుంచి స్కూటరు మీద ఇద్దరు "ఆపు! ఆపు!" అని ఒర్లుకుంట వస్తున్నరు. సుబ్బారావు గారే తన పిలగాండ్లను పంపిండని నాకు అనుమానం. ఇంకా గట్టిగ తొక్కిన. అమీర్‌పేట బోర్డులు కనవడుతున్నయి, కంప్యూటర్ కోర్సుల బ్యానర్లు కనవడుతున్నయి, ఇంకొంచెం పోతే మా గల్లీ. పొగ వస్తే వచ్చింది, బండి అయితే ఆగలే కద!

అప్పుడు ఆగింది.

దగ్గలే, తుమ్మలే. నిద్రవోయినట్టు సప్పుడు లేకుండ ఆగింది. నడిరోడ్డు మీద. సుబ్బారావు గారు హ్యాండిల్ ఒళ్ళె పెట్టుకొని, మెల్లగ, "ఆగిందండీ" అన్నడు. నేను స్టీరింగు మీద తల పెట్టిన. పాత సామానువాడు వకీలు సాబు బండిని సమ్మెటతోని కొడుతున్నట్టు సప్పుడు ఇనవడ్డది. అది కిటికీ మీద అమీర్‌పేట కానిస్టేబులు లాఠీ సప్పుడు. పంజాగుట్టాయన ముందే ఆయనకు వైర్‌లెస్‌ల చెప్పిండట.

"పెద్దాయనా, దిగు. బండి ఎవరిది?"

"నాదే."

స్కూటరు మీదోళ్ళు వచ్చి పడ్డరు. చూస్తే బుజ్జి! "కాదు సార్, ఇది మా కంపెనీ బండి! తాతగారూ, ఏంటండీ ఇది? అక్కడ షాట్ పెట్టుకుని ఏడుస్తుంటే!"

"మీ బండా? సీటు నేను కుట్టిన, పైపింగు..." అని ఆగిన. వంకర పైపింగు. నా చేతిల వంకర ఎప్పుడన్న పోయిందా?

బుజ్జి చెప్పిండు. "మీరు ఇవ్వనన్నారుగా! సనత్‌నగర్ షెడ్డులో మామూలు ఫియట్ ఒకటి దొరికితే, మీ బండి ఫోటోలు చూసి రంగేయించి, ముక్కు మీద ఉత్త లైటు అతికించి, సీట్లు కుట్టించి, దీన్ని మీ బండికి డూప్‌గా తయారుచేశాం. కమెడియన్ లైటు వేయబోతే పొగ రావాలి, అదీ సీను. పెట్రోలు కూడా షాటుకి సరిపడానే పోస్తాం. మీరు అమీర్‌పేట దాకా తెచ్చేశారు!"

నాకు పాణం లేచి వచ్చింది. అంటే ఆగింది నా బండి కాదు!

"సారూ, ఇన్నరా? ఇది నా బండి కాదు! ఆగింది నాది కాదు!" అని సుబ్బారావు గారి చెయ్యి పట్టుకొని ఊపిన.

కానిస్టేబులు మీసం దువ్విండు. "జర ఆగు పెద్దాయనా. నీది అంటే సిగ్నల్ కాడ పొగ వెట్టినందుకు, ఈల ఊదితే ఆగనందుకు కేసు. నీది కాదంటే కారు దొంగతనం. ఆలోచించుకొని చెప్పు. నీదా, కాదా?"

ఇజ్జతా, బండా? ఎంతసేపు ఆలోచిస్త? "నాది కాదు!" అన్న, రోడ్డంత ఇనంగ. అంతటితోని ఊకున్ననా? బానెట్ లేపి చూపించిన. "చూడండ్రి, ఈ చిన్న కార్బురేటరు చూడండ్రి, ఇది స్పోర్ట్స్ బండిదా? ఈ ఇంజనుకు పికప్పు ఉంటదా? ఏ గుడ్డోడన్న దీన్ని నా బండి అంటడా?"

సుబ్బారావు గారు గొంతు సవరించుకున్నడు. "మరి ఇందాక ఇటలీ రక్తం అన్నారు మాస్టారూ."

చుట్టు మూగినోళ్ళు పడి పడి నవ్విండ్రు. కానిస్టేబులు సుత టోపీ అడ్డం పెట్టుకొని నవ్విండు.

నన్ను కాపాడింది నా బండే. "మరి పెద్దాయన బండి ఏడున్నది?" అని కానిస్టేబులు అడిగితే బుజ్జి చెవి గోక్కుంట అసలు సంగతి చెప్పిండు. మేం ఛాయ తాగేటప్పుడు లైటు బాయ్స్ వచ్చి, మూడు కండ్ల బండి కద అని చెట్టు కిందున్న నా బండిని తోసుకపోయి కెమెరా ముందర పెట్టిండ్రట! ఎన్నిసార్లు స్విచ్చు లాగినా పొగ రాదు, లైటు వెలుగుతది. డైరెక్టరు తిడుతడు, మళ్ళ లాగుతరు, మళ్ళ లైటు. నేను ఇయ్యనన్న బండి మేకప్ లేకుండనే సినిమాల యాక్టు చేసింది.

"నువ్వు వాళ్ళది తెచ్చినవు, వాళ్ళు నీది తోసుకపోయిండ్రు. ఇద్దరూ దొంగలే, ఇద్దరూ దొరలే. రోడ్డు ఖాళీ చేయుండ్రి" అని కానిస్టేబులు తేల్చిండు. ఆ మనిషి సల్లగుండాలె.

బుజ్జి స్కూటరు ఎనుక కూర్చొని పంజాగుట్ట పోయి నా బండి కాడ నిలవడ్డ. వకీలు సాబు మీద ఒట్టు, కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. సుబ్బారావు గారు మాత్రం ముందుగాలనే, అమీర్‌పేట రోడ్డు మీదనే, మళ్ళ నాతోని రానన్నడు. "ఏ బండైనా సరే, మీరు నడిపితే నేనెక్కనండీ" అని అక్కడికక్కడ ఆటో ఎక్కిండు.

నేను ఒక్కణ్ణే నడుపుకుంట వచ్చిన. మెల్లగ, పద్ధతిగ. సంతోషంల చోకు లాగింది మళ్ళ లోపలికి నూకుడు మరిచిన, గట్ల మరిస్తే ఏ ఇంజనైనా పెట్రోలు ఎక్కువ తాగి ఉక్కిరిబిక్కిరి అయితది, అది నా తప్పు, బండిది కాదు.

దుకాణం మెట్ల మీద సుబ్బారావు గారు కూర్చొని ఉన్నడు. "వచ్చారా? దారిలో ఎక్కడా ఆగలేదా?"

"ఆగలే."

"ఎవరు చూశారండీ?"

"నేను చూసిన!"

"మీ మాట కాదనేవాణ్ణి కాదు మాస్టారూ. కానీ పొద్దున్న ఆ బండే మీదన్నారు కదా. ఒక్క సాక్షిని తీసుకురండి, జనరేటర్ మేడమీద పెట్టుకుంటాను, స్పోర్ట్స్ బండని మైకులో చెప్తాను. సాక్షి లేకపోతే జాగా నాది." ఇంకో మాట సుత అన్నడు, అది నన్ను ఇంకా పొడుస్తున్నది: "నిజానికి ఆ డూపు బండే హాయిగా ఉందండి."

నాలుగు దినాల గడువు ఇచ్చిండు. కనుక ఇది చదివేటోళ్ళకు నా విన్నపం. అమీర్‌పేట చౌరస్తా కాడ, నల్ల బ్యాగులు, చేతుల కోర్సు పుస్తకాలు, నలుగురు పిలగాండ్లు మొన్న నా బండి ఎనుక ఉండిండ్రు. వాళ్ళు ఏ హాస్టల్ల ఉన్నా సరే, జర మా గల్లీకి వచ్చి సుబ్బారావు గారికి నిజం చెప్పాలె. మల్లేశం టైలరు బండి ఎక్కడ సుత ఆగలేదని చెప్పాలె. మరి నలుగురు డిక్కీ మీద చేతులు పెట్టి ఎందుకు వంగిండ్రని ఆయన అడుగుతడు, అడగకుండ ఊకోడు. అప్పుడు "తోసుడు కాదు సార్, స్పోర్ట్స్ బండి కద, చెయ్యి దాటిపోతుందని ఎనుకకు గుంజి పట్టుకున్నం" అని చెప్పాలె.